ఒక సెంటీమీటరు నీళ్ళు

నాకు కోపం ముక్కు మీద, టేపు మెడలో ఉంటాయి. ఇరవై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను. మనిషిని చూస్తే చాలు, నడుం కొలత చెప్పేస్తాను. అందుకే మా నాలుగంతస్తుల ఇంట్లో పొద్దెక్కకముందే ట్యాంకు ఖాళీ అవుతుంటే, దోషెవరో కూడా ఉత్త చూపుతోనే తేల్చేశాను. ఇంకెవరు? కింది వాటాలో ఉండే కవలల తల్లి. పిల్లలకు నాలుగు నెలలు. పొద్దస్తమానం తీగల నిండా వాళ్ళ గుడ్డలే!

"ఆ ఉతుకులన్నిటికీ మన నీళ్ళే దొరికాయా?" అని మెట్ల మీద నలుగురూ వినేలా అన్నది నేనే. ఎండలు ఏటేటా ముదురుతున్నాయి, బోరులో నీళ్ళు ఏటేటా కిందికి పోతున్నాయి. ఉన్న కాసిని ఒక్కరే వాడేస్తే మిగతావాళ్ళ గతేంటి? మా ఇంటి కార్యదర్శి ఒక రిటైరైన బస్సు కండక్టరు. వెనకాల అందరం రూళ్ళకర్ర అంటాం. ఆయనకు నా మాట నచ్చింది. ఆదివారం సాయంత్రం మీటింగు పెట్టి, సోమవారం నుంచి పగలంతా కింది వాటా గొట్టం కట్టేయాలని తీర్మానం రాసి ఉంచాడు. ఇక సంతకాలే తరువాయి.

ఆదివారం పొద్దున పదింటికి ఆ అమ్మాయి మా తలుపు కొట్టింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"అక్కా, పిల్లల దగ్గర మా ఆయన ఉన్నారు. మీరు టేపు తీసుకుని పైకి రండి. నీళ్ళు ఎక్కువ వాడేది నేనేనని కొలిచి చూపిస్తే నా గొట్టం నేనే కట్టేస్తా."

నాతోనా పందెం! నాకు హుషారు పుట్టుకొచ్చింది. ముందు ట్యాంకే కారుతోందేమో చూడమని మెట్ల మీద ఎదురైన రూళ్ళకర్ర మెలిక పెట్టాడు. సరే, రెండింటి దాకా ఎవరూ కుళాయి తిప్పకూడదని అన్ని వాటాలకూ చెప్పొచ్చాను.

"చెయ్యి కడుక్కోవాలన్నా నీ టేపునడగాలా?" అని మా అత్తగారు సణిగింది.

డాబా మీద సిమెంటు ట్యాంకు. పొడవు రెండు మీటర్లు, వెడల్పు ఒకటిన్నర. అంటే మూడు చదరపు మీటర్లు. మట్టం ఒక్క సెంటీమీటరు దిగితే ముప్ఫై లీటర్లు, అంటే మా బకెట్లతో రెండు బకెట్లు. గుడ్డ మీద గీసే సుద్దతో లెక్క గోడ మీద వేశాను. టేపు కొసకు తాళంచెవి కట్టి, ట్యాంకు అంచు నుంచి నీటిని తాకేదాకా వదిలాను. అరవై రెండు సెంటీమీటర్లు.

గంటయ్యాక మళ్ళీ వదిలితే, అరవై మూడు!

"ఎవరూ వాడకుండానే రెండు బకెట్లు పోయాయి! ట్యాంకు చుట్టూ తడి లేదు. ఎక్కడికి పోయాయే?" అని అరిచాను. ఆ అరుపులోనే నాకు సమాధానం కూడా దొరికింది. "నీ ఇంట్లోనే ఏదో కారుతోంది!"

ఆమె వెళ్ళి, ట్యాంకు పక్కనే వరసగా ఉన్న వాల్వుల్లో తన వాటాది తనే బిగించింది. అరగంట కూర్చున్నాం. అయినా మట్టం అర సెంటీమీటరు దిగింది. అంటే కారేది ఆమె ఇంట్లో కాదు.

"అక్కా, రోజంతా ఇలాగే పోతే?" అంది ఆమె, సుద్ద లాక్కుని. గంటకు ముప్ఫై, ఇరవై నాలుగ్గంటలు. ఏడువందల ఇరవై లీటర్లు. నలభై ఎనిమిది బకెట్లు! ఆమె ఉతుకులన్నీ కలిపినా పది దాటవట. అన్ని నీళ్ళు పైకి ఎక్కాలంటే మోటారు రోజూ అరగంట ఎక్కువ తిరగాలి. నెలకు పదిహేను గంటలు, గంటకు ముప్పావు యూనిట్టు, మొత్తం పదకొండు యూనిట్లు. బొగ్గు కరెంటయితే యూనిట్టుకు దాదాపు కిలో బొగ్గుపులుసు వాయువు, ఎండల్ని ముదిర్చేదే, గాల్లో కలుస్తుందట.

"పదకొండు కిలోలా! నా కుట్టుమిషన్ తలకాయంత బరువు!" అన్నాను. నెలకో మిషను ఆకాశానికి ఎగరేస్తున్న ఆ మహానుభావులెవరో పట్టుకుని తీరాలి! ఎండలు ముదురుతున్నాయని మళ్ళీ మనమే ఏడవడం! పట్టలేని ఉత్సాహంతో మొదటి అంతస్తు వాల్వు కట్టేశాను. అయినా దిగింది. అన్నిటికంటే పై అంతస్తుది కట్టేశాను. అయినా దిగింది.

ఇక మిగిలింది ఒక్కటే వాల్వు. ఆ అమ్మాయి దాని వైపు చూసి, తల తిప్పేసుకుంది. అది మాది.

"టేపు సాగిపోయినట్టుంది," అన్నాను. వాల్వు బిగించాను. అరగంట తర్వాత మట్టం దారప్పోగంత కూడా దిగలేదు.

వాల్వు విప్పేసి, రెండేసి మెట్లు దూకుతూ మా స్నానాలగదికి పరిగెత్తాను. ఫ్లష్ ట్యాంకు లోపలి రబ్బరు చివికిపోయింది. కమోడు లోపలి వెనక గోడ వెంబడి నీళ్ళు పల్చగా, చప్పుడు లేకుండా జారిపోతున్నాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట.

సాయంత్రం మీటింగులో రూళ్ళకర్ర తీర్మానం చదవబోతుంటే లేచి నిలబడ్డాను.

"ఆ కాగితంలో కింది వాటా కొట్టేసి మా వాటా రాయండి. నీళ్ళు పారబోసింది నేను. నోరు పారేసుకున్నదీ నేనే. రబ్బరు మార్చేదాకా మా గొట్టం కట్టేయండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వనీ. నేను ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, "తప్పయిపోయిందే తల్లీ. నన్ను తిట్టు, నాలుగు తిట్టు," అన్నాను.

ఆమె తిట్టలేదు. పెదవులు తడుపుకుని మెల్లగా అంది. "మీరు మెట్ల మీద అన్నప్పటి నుంచి తాగే నీళ్ళు కూడా తగ్గించేశానక్కా. ఇద్దరికీ పాలు చాలట్లేదు."

గోడ మీది నా లెక్కలో ఈ నీళ్ళు లేవు. బల్ల మీదున్న చెంబు అందుకుని గ్లాసు నింపి ఆమె చేతికిచ్చాను. గటగటా తాగింది. ఇంకోటి నింపాను. నాలుగో గ్లాసు దాకా లెక్కపెట్టాను. ఆ తర్వాత కళ్ళ నిండా నీళ్ళు, గ్లాసు కనపడలేదు.