మంచం కింద జరీ టోపీ

మా అన్నయ్య అంబ్రోజ్ ముప్ఫయ్యేళ్లుగా కెప్టెనే. అందులో ఓడ మీద ఉన్నది రెండేళ్లు. ఫ్రెంచివాళ్లతో యుద్ధం అయిపోయాక నౌకాదళానికి ఆయనతో పని తీరిపోయింది. ఆ సంగతి ఆయనకు మాత్రం ఎవరూ చెప్పలేదు. గోస్‌పోర్ట్ రేవులో మా ఇంటి మేడమీద నిలబడి, దుర్భిణిలో కనిపించిన ప్రతి ఓడనూ తిట్టేవాడు.

మా నౌకాదళంలో కెప్టెన్ అడ్మిరల్ కావాలంటే పరాక్రమం అక్కర్లేదు, బతికుంటే చాలు. ఒక అడ్మిరల్ పోతే, కెప్టెన్ల జాబితాలో అందరికన్నా పైన ఉన్నవాడికి ఆ హోదా వస్తుంది. అన్నయ్య పేరు పైనుంచి రెండోది. మొదటిది పక్కింటి హెండ్రీ పాస్కోది. ఇద్దరూ పన్నెండో ఏట ఒకే ఓడ ఎక్కారు, ఒకే రోజు కెప్టెన్లయ్యారు. ఆ రోజు గుమాస్తా ఎవరో పాస్కో పేరు ముందు రాశాడు, అంతే. ఆ గుమాస్తాను అన్నయ్య ఈనాటికీ క్షమించలేదు.

చనిపోయేలోపు అడ్మిరల్ అనిపించుకోవాలన్నది ఆయనకున్న ఒకే ఒక్క కోరిక. అడ్మిరల్ పెట్టుకునే జరీ టోపీ ముందే కుట్టించి మంచం కింద దాచాడు. నాకు తెలియదనుకున్నాడు. ఆ గది ఊడ్చేది నేనే.

ఫిబ్రవరిలో ప్లిమత్‌లో ఒక ముసలి అడ్మిరల్ పోయాడు. అదే వారం పాస్కోకు ఊపిరితిత్తుల జ్వరం పట్టుకుంది. డాక్టరు పెదవి విరిచాడు. లండన్‌లో కాగితాలు కదిలి ఉత్తరం రావడానికి మూడు వారాలు పడుతుంది. ఆలోపు పాస్కో కన్నుమూస్తే ఆ ఉత్తరం మా ఇంటికే వస్తుంది. ఈ సంగతి వీధి వీధంతటికీ తెలుసు.

అన్నయ్య మాంసం చారు గిన్నె పట్టుకుని బయల్దేరాడు.

"ఎక్కడికన్నయ్యా? అడ్డం తొలగిపోతుంటే చారు పోసి నిలబెడతావా?" అన్నాను.

"నోర్ముయ్ లవీనియా. ఉప్పు సరిపోయిందో లేదో చూడు."

నేనూ వెంట వెళ్లాను. పాస్కో కళ్లు తెరిచి, "ఏరా, ఇంకా ఊపిరుందేమో చూసిపోదామని వచ్చావా?" అన్నాడు.

"ఉంది కదా, ఏం చేస్తాం! నోరు తెరువు."

"విషం గానీ కలిపావా?"

"లవీనియా వండింది. మళ్లీ వేరే విషం ఎందుకు?"

వీళ్ల మొహాలకు వండిపెట్టినందుకు నన్ననాలి.

పంతొమ్మిది రోజులు అన్నయ్య ఆ మంచం పక్కనే ఉన్నాడు. ఛాతీకి ఆవపిండి పట్టు వేశాడు, దుప్పట్లు మార్చాడు, పాత గొడవలన్నీ తవ్వి పాస్కోకు కోపం తెప్పించి మెలకువగా ఉంచాడు. ఒక సాయంత్రం ఇంటికొచ్చి నా ముందే ఏడ్చాడు.

"వాడు పోతే నన్ను ఒరేయ్ అనేవాడు ఇంకెవడూ లేడు లవీ," అన్నాడు.

నాకూ ఏడుపొచ్చింది. వేళాకోళం చేయబుద్ధి కాలేదు.

ఇరవయ్యో రోజు జ్వరం దిగింది. మర్నాడే ఉత్తరం వచ్చింది, పాస్కో ఇంటికి.

అన్నయ్య మంచం కిందికి దూరి టోపీ తీశాడు. దుమ్ము దులిపి, తీసుకెళ్లి కొత్త అడ్మిరల్ తలమీద పెట్టాడు. అది చెవులదాకా జారింది.

"నీ తల ఇంత పెద్దదా! లోపల ఖాళీయే అయ్యుంటుంది," అన్నాడు పాస్కో.

"నా వంతు వచ్చాక తిరిగిచ్చెయ్."

"నీ వంతు రావాలంటే ఇంకో అడ్మిరల్ పోవాలి. ఉన్నవాళ్లలో సగం చచ్చినవాణ్ణి నేనే గదరా."

అన్నయ్య పాస్కో మెడకు మఫ్లర్ బిగించి చుట్టాడు.

"అయితే నీదగ్గరే ఉంచుకో," అన్నాడు.