మూడువందల అరవై బిళ్ళలు

ఇంటిపనికి కువైట్ వెళ్ళే అమ్మకు ఏజెంటు తిరుపతిరావు గారు చెప్పిన లెక్క ఇది. పెద్ద బ్యాగు ఇరవై కిలోలు, చేతి సంచి ఏడు కిలోలు. రెండేళ్ళు ఉండి రావడానికి అంతే. పెద్ద బ్యాగులో మూడు కిలోలు ఆయనవే. అక్కడున్న వాళ్ళ బావమరిదికి గోంగూర పచ్చడి, కందిపొడి పంపిస్తున్నారు. కాదంటే ఏమనుకుంటారోనని అమ్మ తల ఊపింది.

సర్దే పని నేను తీసుకున్నాను. నలుగురిలో నోరు విప్పలేను గానీ చేతిపని అప్పజెబితే చేస్తాను. నాన్న మగ్గం పైన దూలానికి నూలు తూచే స్ప్రింగు కాటా కట్టి, రోజూ సాయంత్రం బ్యాగును దానికి తగిలించేవాడు. ముల్లు ఇరవై దాటితే నేను ఏదో ఒకటి తీసేసేదాన్ని. నైటీలు గుండ్రంగా చుట్టాను. బూట్లలో సాక్సులు, సాక్సుల్లో సబ్బులు కుక్కాను. ఒకరోజు నాన్న తను నేసిన చీర ఒకటి తెచ్చి అన్నిటి పైనా పెట్టాడు. ఆరువందల గ్రాములు. అక్కడ చీర కట్టుకోనివ్వరని తిరుపతిరావు గారు ముందే చెప్పారు. నేను దాన్ని తీసి పక్కన పెడితే, నాన్న మళ్ళీ బీరువాలో పెట్టేశాడు.

అసలు భయం బరువు గురించి కాదు. అమ్మకు ఫిట్స్ ఉన్నాయి. పొద్దున ఒక బిళ్ళ, రాత్రి ఒక బిళ్ళ వేసుకుంటే రావు. ఆరేళ్ళుగా రాలేదు. ఈ సంగతి తిరుపతిరావు గారికి తెలియదు. వీసా కోసం చేసే మెడికల్ పరీక్షలో రక్తం చూశారు, ఎక్స్‌రే తీశారు. ఫిట్స్ ఉన్నాయా అని ఎవరూ అడగలేదు, అమ్మా చెప్పలేదు. చెబితే పంపరు. మా మగ్గానికి వారంలో రెండు రోజులు మించి పని దొరకడం లేదు.

కాగితాల మీద సంతకాలకు గవర్నర్‌పేట రమ్మంటే అమ్మతో నేనూ వెళ్ళాను. లాడ్జి మేడ మీద ఆయన ఆఫీసు. ఆ రోజు వచ్చిన ఆడవాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పారు.

"డాక్టరు కాగితాలు, మందుల షీట్లు సంచిలో కనపడకూడదమ్మా. అక్కడ మేడం సంచి విప్పి చూసుద్ది. రోగిష్టిదాన్ని పంపించాడని నన్ను తిడతది, మిమ్మల్ని తిప్పి పంపుద్ది."

అమ్మ నా వైపు చూడలేదు. నేను కిందికి దిగి, మా డాక్టరు రాసిచ్చిన చీటీతో ఎదురుగా ఉన్న మందుల షాపులో ఆరు నెలలకు సరిపడా బిళ్ళలు కొన్నాను. ముప్పై ఆరు షీట్లు. రబ్బరుబ్యాండు వేసి ఇస్తే ఇటుకంత ఉంది. ఇది ఎక్కడ పడుతుంది, పట్టినా ఎలా దాగుతుంది అనుకుంటుంటే ఆ ఆలోచన వచ్చింది. బిళ్ళలన్నీ వలిచి ఒక డబ్బాలో పోస్తే ఎలా ఉంటుంది? అలా తీసుకెళ్ళవచ్చో లేదో షాపాయనకు తెలిసే ఉంటుంది.

"ఇంకేం కావాలమ్మా?" అన్నాడాయన.

అడుగుదామని నోరు తెరిచాను. వెనక ఇద్దరు మగాళ్ళు చీటీలు చాపుతూ మీదకు వస్తున్నారు. ఏమీ వద్దని తల ఊపి షాపు మెట్లు దిగిపోయాను. అడగడానికి పట్టేది అర నిమిషం.

మర్నాడు మధ్యాహ్నం చాప మీద కూర్చుని మూడువందల యాభై బిళ్ళలు వలిచాను. గోళ్ళు నొప్పి పుట్టాయి. అన్నీ కలిపి పసుపు పోసుకునే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పట్టాయి. పైన దూది పెట్టి మూత బిగించాను. దారిలో వేసుకోవడానికి ఒక్క షీటు మాత్రం చేతి సంచి అరలో ఉంచాను. డాక్టరు చీటీ ఇంట్లోనే దాచేశాం. ఆ సాయంత్రం ముల్లు సరిగ్గా ఇరవై దగ్గర ఆగింది. అమ్మ డబ్బా ఊపి చూసి నా తల మీద చెయ్యి వేసింది. నాకు చాలా గర్వంగా అనిపించింది.

అమ్మ వెళ్ళిన నాలుగో రోజు ఫోన్ వచ్చింది. అదే ఇంట్లో వంట చేసే రామతులసి గారి ఫోన్ నుంచి మాట్లాడింది. ఆవిడది మైలవరం. అమ్మ ముందు ఇల్లు పెద్దదని చెప్పింది, గదిలో ఏసీ ఉందని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"డబ్బా తీసేసుకున్నారే. విమానం దిగంగానే తనిఖీ చేసేవాడు బ్యాగు విప్పాడు. మూత తీసి, ఇవేంటన్నట్టు చెయ్యి తిప్పాడు. మందులని చెప్పటానికి నాకు ఏ ముక్కా రాలా. నోట్లో వేసుకున్నట్టు చూపించా. పేరుందా, కాగితముందా అన్నట్టు ఏదో అడిగాడు. నేనేం చూపిస్తా? మొత్తం పారబోసేశాడు."



"షీట్లలో ఉండి చీటీ చూపిస్తే వదిలేసేవాళ్ళంట. ఇక్కడ ఎవరో అనుకుంటుంటే విన్నా," అని కూడా అంది అమ్మ. మళ్ళీ తనే, "పోన్లే, నీకు మాత్రం ఏం తెలుసు?" అంది.

షీటులో ఆరు మిగిలాయట. రోజుకు ఒక్కటే వేసుకుంటోంది. అక్కడ కొనాలంటే డాక్టరు రాయాలి, డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే మేడం తీసుకెళ్ళాలి. నాన్న తిరుపతిరావు గారికి ఫోన్ చేసి, వేరే ఏదో సాకు చెప్పి, ఇటునుంచి ఎవరైనా వెళ్తున్నారా అని అడిగాడు. ఇంకా పంతొమ్మిది రోజులకు గానీ ఎవరూ లేరు. ఎవరికీ ఏమీ చెప్పొద్దని అమ్మ అంది. నాన్న కూడా అదే అన్నాడు.

ఆరు రోజుల తర్వాత మిగిలే పదమూడు రోజుల గురించి ఆలోచించాను. నా చిన్నప్పుడు అమ్మ పొయ్యి మీద పడిపోతే మా నాయనమ్మ కేకలు వేస్తూ తాళాలగుత్తి చేతిలో పెట్టింది, కాలుతున్న అమ్మ కొంగును మాత్రం చూడలేదు. అమ్మ మోచేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

అమ్మ మేడ మీద గదులు తుడిచే వేళకు నేను రామతులసి గారికి ఫోన్ చేశాను. ముక్కూ మొహం తెలియని మనిషితో నేను అంతసేపు మాట్లాడింది అదే మొదటిసారి. పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టమన్నాను. తాళాలు, ఇనుము చేతిలో పెట్టొద్దన్నాను. నోట్లో నీళ్ళు పోయొద్దని, ముందు పొయ్యి ఆపమని చెప్పాను. 

"ఫిట్సా? నాతో అన్లేదే," అందావిడ చివరికి. "నువ్వు చెప్పావు బానే ఉంది. నేనొక్కదాన్నే ఎట్టా చూసుకునేదమ్మా? మీ అమ్మ వంటలో సాయానికొచ్చి మరిగే నూనె దగ్గర నిలబడుద్ది. ఏదన్నా అయితే నన్నంటారు."

ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. చూద్దాంలే అంది.

ఆ రాత్రే ఆవిడ మేడంకి చెప్పేసింది. మర్నాడు అమ్మను బ్యాగుతో సహా అక్కడి ఏజెంటు ఆఫీసుకు పంపేశారు. తిరుపతిరావు గారు నాన్నకు ఫోన్ చేసి చాలా మాటలన్నారు. పక్కనే ఉన్న నాకు వినపడ్డాయి. "చెప్పింది మీ అమ్మాయేనంటగా, ఏడుకొండలూ," అని నాన్నతో అన్నది కూడా వినపడింది. నాన్న ఫోన్ పెట్టేసి మగ్గం గుంటలోకి దిగాడు. చీకటి పడేదాకా పైకి రాలేదు.

అమ్మ ఇప్పుడు ఆ ఆఫీసులో ఉంది. ఒక గదిలో పన్నెండు మంది. వేరే ఇల్లు దొరికితే పంపుతారట, లేకపోతే వెనక్కి పంపిస్తారట. ఎప్పుడన్నది ఎవరూ చెప్పడం లేదు. శుక్రవారం పది నిమిషాలు ఫోన్ ఇస్తారు. మొదటి శుక్రవారం ఏడు నిమిషాలు నాన్నతోనే మాట్లాడింది. తర్వాత నాన్న ఫోన్ నా చేతికిచ్చాడు. నువ్వెందుకు చెప్పావని అమ్మ అడగలేదు. అడిగితే బాగుండేది.

"బిళ్ళలు ఇచ్చారా అమ్మా?" అన్నాను.

"ఇచ్చారు."

"రోజుకు ఎన్ని?"

వెనక ఎవరో తొందరపెడుతున్నారు. "సరిపడా ఇస్తున్నార్లే. నువ్వు తిన్నావా?"

"పేరేంటో ఎవరితోనైనా చదివించు."

"ఎవరు చదువుతారే ఇక్కడ?"

"పోనీ ఏ రంగులో ఉన్నాయి?"

అమ్మ వెంటనే చెప్పలేదు. "తెల్లగా," అంది. ఫోన్ వేరేవాళ్ళు తీసుకున్నారు.

అమ్మ వేసుకునే బిళ్ళలు గులాబీ రంగులో ఉంటాయి. అక్కడ వేరే కంపెనీవి అయ్యుండొచ్చని నాన్న అన్నాడు.