యూనిఫాం మీద గ్రీజు

హేమశ్రీ మస్కట్‌లో ఉంటూ తెలుగు టీవీ సీరియల్ రాస్తుంది. భర్త అక్కడ ఒక ప్లాంటులో ఇంజనీరు. ఆయన డ్యూటీకి వెళ్ళగానే డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి, మధ్యాహ్నం లోపల ఆరు సీన్లు రాసి హైదరాబాద్‌కి పంపాలి. పంపకపోతే మర్నాడు షూటింగ్ ఆగిపోతుంది. తొమ్మిదేళ్ళుగా అదే బతుకు. చుట్టూ అరబ్బీ, మలయాళం, హిందీ. పగలంతా తెలుగులో ఏడ్చేవాళ్ళనీ తిట్టుకునేవాళ్ళనీ రాసే ఆమెకి చెవిన పడే తెలుగు ఒక్కటే. రోజూ చోడవరం నుంచి అచ్చియ్యమ్మ పిన్ని చేసే ఫోను.

కొత్త సీరియల్ కథాచర్చల కోసం హైదరాబాద్ వచ్చిన హేమశ్రీ, మూడు రోజులు ఖాళీ దొరకడంతో పిన్నిని చూద్దామని బయల్దేరింది. చోడవరం బస్టాండుకి పిన్ని కొడుకు ఉదయ్‌కుమార్ తన గూడ్స్ ఆటో తీసుకుని వచ్చాడు. అనకాపల్లి మార్కెట్‌కి బెల్లం దిమ్మలు చేరవేసే ఆటో అది. పెట్టె అందుకున్నాడు గానీ అక్క మొహంలోకి చూడలేదు.

"ఝాన్సీ ఎలా ఉందిరా?" అని అతని భార్య గురించి అడిగింది.

"బాగుంది. వడ్డాదిలో పుట్టింటికి ఎల్లింది. ఆలమ్మకి ఒంట్లో బాలేదు."

ఇంటికి చేరాక కాళ్ళు కడుక్కుంటూ అదే మాట పిన్నిని అడిగింది.

"ఆల తమ్ముడికి సంబంధం సూత్తన్నారంటే ఎల్లిందమ్మా. వచ్చేస్తాది," అంది అచ్చియ్యమ్మ, గబగబా వంటింట్లోకి పోతూ.

ఒకే ప్రశ్నకి రెండు జవాబులు. హేమశ్రీ తువ్వాలు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

ముందు గదిలో టీవీ మీద దుప్పటి కప్పి ఉంది. వైర్లు పీకేసి చుట్ట చుట్టి పెట్టారు. పాడైందన్నాడు ఉదయ్. బట్టలు మార్చుకోవడానికి లోపలి గదిలోకి వెళితే, కిటికీ పక్కన ఉండాల్సిన ఝాన్సీ కుట్టుమిషన్ లేదు. అది ఉండే చోట గచ్చు మాత్రం తెల్లగా కనబడింది. తల్లికి ఒంట్లో బాగోకపోయినా, తమ్ముడికి పెళ్ళిచూపులైనా ఎవరూ కుట్టుమిషన్ మోసుకెళ్ళరు.

ఇన్నేళ్ళు సీరియల్స్ రాసిన బుర్ర ఊరుకుంటుందా! ఉదయ్ ఇంకొకరి వలలో పడ్డాడా? తాగి చెయ్యి చేసుకున్నాడా? రాత్రి భోజనాల దగ్గర తమ్ముడి వేళ్ళవంక, కళ్ళవంక అనుమానంగా చూస్తూ కూర్చుంది. అతనూ తలెత్తినప్పుడల్లా ఆమె ఫోనువంకే చూస్తున్నాడు. పిన్ని ఇద్దరినీ చూస్తూ, వడ్డించిన కూరే మళ్ళీ వడ్డించింది.

మర్నాడు పొద్దున్న పక్కింటి అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు బియ్యం బాగుచేస్తున్నారు. హేమశ్రీ వెళ్ళి కూర్చోగానే మాటలు ఆగిపోయాయి. ఒకామె చేట పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ ఇంటావిడ గంగాభవాని మాత్రం నవ్వింది.

"ఏటమ్మా, ఈసారి ఎవలి కొంప రాద్దారని వచ్చేవు?"

"అదేటి పిన్నీ, అలా అంటావు?"

"మరేటనమంటావు? ఆ డ్యూటీ కత రాసేవు కదా! ఊరంతా మీ ఉదయ్‌ని గుర్తుపట్టీసింది. వీధిలో కనబడితే సాలు, 'డ్యూటీ బాగా సేసేవా?' అని బళ్ళోకెళ్ళే గుంటలు కూడా ఎకసెక్కాలే. ఆడు ఆ కోపమంతా పెళ్ళాం మీద సూపించేడు. 'మా అక్కకి నువ్వే సెప్పేవు' అని, దాన్ని మిషనుతో సహా ఆటోలో ఏసి పుట్టింట్లో ఒగ్గేసి వచ్చేడు. మూడు నెల్లయిపోయింది."

హేమశ్రీ అరుగు మీంచి లేచి ఇంటికి వచ్చేసింది.

ఆ కథ ఆమె కల్పించింది కాదు. ఉదయ్ అచ్యుతాపురం వైపు ఒక కంపెనీలో ఫిట్టరుగా చేసేవాడు. కిందటేడు వాళ్ళు యాభైమందిని తీసేశారు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేక ఐదు నెలలు రోజూ యూనిఫాం తొడుక్కుని, క్యారేజీ పట్టుకుని బస్సెక్కి వెళ్ళి, సాయంత్రం దాకా ఎక్కడో కూర్చుని వచ్చేవాడు. బట్టలకి మురికి లేకపోతే అనుమానం వస్తుందని చేతులకీ యూనిఫాంకీ ఇంత గ్రీజు పులుముకునేవాడు. తర్వాత తనే ఉద్యోగం మానేశానని చెప్పి ఆటో కొన్నాడు. అసలు సంగతి అతను చెప్పుకున్నది ఝాన్సీ ఒక్కదానికే.

కానీ అచ్చియ్యమ్మ ముక్కుకి ఆ గ్రీజు కంపెనీది కాదని తెలిసిపోయింది. అది తమ చెరకుతోటలో మోటారు షెడ్డులోని డబ్బాది. కొడుకుని అడగలేక, కోడలికి చెప్పలేక, ఆవిడ నెలల తరబడి దాచుకున్న ఆ దుఃఖమంతా చివరికి మస్కట్‌కి ఫోను చేసి దించుకుంది. హేమశ్రీ కూడా విని ఏడ్చింది. వారం తిరక్కుండా సీరియల్‌లో పెట్టింది. పేర్లు మార్చింది, ఊరు మార్చింది, గ్రీజు మాత్రం మార్చలేదు. పైగా కథకి మలుపు కావాలని, భార్యే ఆ రహస్యాన్ని నలుగురిలో బయట పెట్టినట్టూ, భర్త ఆమెని గెంటేసినట్టూ రాసింది. తమ్ముడి అనుమానాన్ని కూడా తనే రాసిచ్చిందన్నమాట.

ఆ మధ్యాహ్నం అనకాపల్లి నుంచి వచ్చిన ఉదయ్ చెమట కూడా తుడుచుకోకుండా ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, నీ ఫోను ఒకసారి ఇస్తావా?"

"ఎందుకురా?"

"ఝాన్సీ నీకు ఎన్నిసార్లు సేసిందో సూడాలి. దాన్నడిగితే సెప్పలేదని ఒట్లేసింది. నిన్నడిగితే నువ్వూ లేదంటావు. ఫోను అబద్ధమాడదు కదా."

ఇవ్వకపోతే ఝాన్సీ మీద అనుమానం ఖాయమవుతుంది. ఇస్తే పిన్ని బయటపడుతుంది. "నేనే కల్పించి రాశానురా. అలాంటివి ఎన్నో చోట్ల జరుగుతాయి," అంది హేమశ్రీ. తన గొంతు తనకే నమ్మబుద్ధి కాలేదు.

"గ్రీజు కూడా కల్పించేవా?"

ఆమె ఫోను తెరిచి ఇచ్చేసింది. ఉదయ్ వేలితో జరుపుకుంటూ పోయాడు. ఝాన్సీ పేరు ఏడాది మొత్తంలో రెండుసార్లే కనబడింది, రెండూ పండగలప్పుడు, రెండూ నాలుగు నిమిషాలే. మిగతా అంతా పిన్ని, పిన్ని, పిన్ని. నలభై నిమిషాలు, యాభై నిమిషాలు. అతని వేలు ఆగింది.

"అమ్మతో రోజూ ఇంతసేపు ఏటి మాటాడతావు?"

హేమశ్రీ తలదించుకుంది. వంటింటి గుమ్మంలోంచి అచ్చియ్యమ్మ వచ్చింది. చేతిలో గరిటె ఇంకా అలాగే ఉంది.

"దాన్నడక్కు బాబూ. నేనే సెప్పేను."

"నీకెలా తెలుసమ్మా?"

"నీ చొక్కాలు ఆరేసింది నేనే కాదేటి? అది మన మోటారు షెడ్లో గ్రీజే. మొదటివారమే తెలిసిపోయింది."

"మరి నన్ను అడగలేదే?"

"అడిగితే నువ్వు నా ముందు తలొంచుకోవాల. అది నేను సూడలేను. అందుకే రోజూ క్యారేజీ కట్టి ఇచ్చేను."

ఉదయ్ లేచి నిలబడ్డాడు. "ఝాన్సీని పంపించినప్పుడైనా సెప్పాలి కదే!" అన్నాడు. అది అరుపులా మొదలై మధ్యలోనే విరిగిపోయింది.

"బయ్యమేసిందిరా. సెప్తే నన్ను కూడా ఒగ్గేస్తావని," అంది ముసలావిడ, గోడకి ఆనుకుని కిందికి జారిపోతూ. హేమశ్రీ వెళ్ళి పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది.

మర్నాడు అక్కా తమ్ముడూ ఆటోలో వడ్డాది వెళ్ళారు. ఝాన్సీ వాళ్ళ వరండాలో మిషన్ ముందు కూర్చుని జాకెట్టు కుడుతోంది. వీళ్ళని చూసి కూడా ఆ కుట్టు పూర్తయ్యేదాకా పెడల్ ఆపలేదు. ఉదయ్ జరిగినదంతా చెప్పాడు. తప్పయిపోయిందన్నాడు.

"అంటే మీ అక్క ఫోను సూసి నమ్మేవు," అంది ఝాన్సీ. "నేను సెప్తే నమ్మలేదు. టీవీ సెప్తే నమ్మేవు. ఇప్పుడు ఫోను సెప్తే నమ్మేవు. రేపు మరొకటి సెప్తాది."

ఆమె హేమశ్రీ వైపు తిరిగింది.

"వొదినా, ఒకటి అడుగుతాను. ఆ పెళ్ళాన్ని ఇంట్లోంచి గెంటేసిన రోజు మీ సీరియల్ అందరూ సూసేరంట కదా?"

"ఆ వారం మా ఛానెల్లో రేటింగులో అదే మొదటిది," అంది హేమశ్రీ. అబద్ధం చెప్పాలనిపించలేదు. "నన్ను క్షమించమ్మా. నీ గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు."

"అది తెలుస్తానే ఉంది," అంది ఝాన్సీ. మజ్జిగ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది గానీ, వాళ్ళతో బయల్దేరలేదు. "మీ వీధిలో నన్ను అన్నోళ్ళందరికీ ముందు ఆయనే సెప్పాల, ఇంటి గుట్టు బయటెట్టింది నేను కాదని. తరవాత సూద్దాం," అని మళ్ళీ మిషన్ ముందు కూర్చుంది.

మస్కట్ చేరాక హేమశ్రీ నిర్మాతకి ఫోను చేసింది. ఆ భార్య తప్పు చెయ్యలేదని కథ మార్చాలంది. రేటింగ్ పడిపోతుందని ఆయన ఒప్పుకోలేదు. నాలుగు రోజులు వాదించి, ఆమె ఆ సీరియల్ వదులుకుంది. ఇంకో రచయిత ఆ భార్యని ఇంకా చెడ్డదాన్ని చేశాడు. హేమశ్రీ కొత్త సీరియల్ మొదలుపెట్టింది. ఏ సీను రాసినా, ఇది ఎవరి ఇంటిదో, ఎవరు నాకు చెప్పారో అని ఆగి తనని తనే అనుమానంగా ప్రశ్నించుకుంటోంది. ఆరు సీన్లు రాసే పొద్దుకి ఇప్పుడు మూడే అవుతున్నాయి.

చోడవరంలో ఉదయ్ గంగాభవాని అరుగు దగ్గరకి తనే వెళ్ళి, అందరి ముందూ నిలబడి, తప్పు తనదని చెప్పాడు. చెరకు నరుకుళ్ళు మొదలయ్యే వేళకి ఝాన్సీ తిరిగొచ్చింది. ఈ సంగతి హేమశ్రీకి పిన్ని చెప్పలేదు, తమ్ముడూ చెప్పలేదు. నెల తర్వాత గంగాభవాని కూతురు వాట్సాప్‌లో పెట్టిన ఫొటోలో, వెనక అరుగు మీద నవ్వుతూ కూర్చున్న ఝాన్సీని చూసి తెలుసుకుంది. ఆ ఫొటోని పెద్దది చేసి చాలాసేపు చూసింది. ఎప్పుడు వచ్చావని అడగాలనిపించింది. అడిగితే ఎందుకడుగుతోందో అనుకుంటారని ఊరుకుంది.