ఐసు కరిగేలోపు

నా భార్య ఎనిఫా పోయి ఒక వానాకాలం గడిచింది. ఆమె రక్తంలోని హెచ్‌ఐవీ వైరస్ మాత్రం క్షేమంగా ఉంది. రాజధాని లిలోంగ్వేలో దానికొక ఫ్రీజర్, కరెంటు పోతే జనరేటర్. ఎనిఫా పడుకున్న వార్డులో లాంతరుకు కిరసనాయిలు కూడా ఉండేది కాదు.

ఆమెను కాపాడలేకపోయిన మాత్రలే నేనూ మింగుతున్నాను. నోట్లో పూత మళ్లీ మొదలైంది. మందు మార్చమని క్లినిక్‌లో అడిగితే రక్తపరీక్ష ఫలితం రానివ్వమన్నారు. అడిగింది మొక్కజొన్న విత్తేటప్పుడు. కోతలు కూడా అయిపోయాయి.

అప్పుడు డాక్టర్ టియామికే పెద్ద కారులో మా ఊరొచ్చింది. ఎనిఫా రక్తం మీద పరిశోధన చేసింది ఈవిడే. కనిపెట్టిన సంగతి ఊరికి చెప్పాలట, అది వాళ్ల నియమం. ఊరిపెద్ద చిమ్వాలా ప్రార్థన చేయించాడు. ఆడవాళ్లు పాడారు. తలో సోడా ఇచ్చారు. తర్వాత మొక్కజొన్న న్సిమా ముద్ద, కోడికూర పెడతామన్నారు. దాంతో ఎవరూ కదల్లేదు.

నేను దర్జీనని ఎవరో చెప్పినట్టున్నారు, నా వైపే చూస్తూ మొదలుపెట్టింది.

"బాబాయ్, ఈ వైరస్ తన ఆర్‌ఎన్‌ఎను ముందు పొడుగాటి తానులా తయారుచేయిస్తుంది. తర్వాత దాన్ని అక్కడక్కడా కత్తిరించి ముక్కలు అతికించాలి. మందుకు లొంగకుండా మారిన వైరస్‌కి ఆ కత్తిరింపు తప్పుతోంది. పిన్ని రక్తంలో చూశాం. పాపం, కుంటిదైపోయింది!"

చప్పట్లు కొట్టారు.

"ఆ కుంటిదేనా నా పెళ్లాన్ని చంపింది?" అన్నాను.

"జైరోసీ, అతిథుల ముందు ఏంట్రా ఆ మాటలు?" అన్నాడు చిమ్వాలా.

"నీ సోడా నువ్వు తాగు, పెద్దాయనా."

డాక్టరు నొచ్చుకోలేదు. నా ఒంట్లోనూ అదే వైరస్ ఉండొచ్చని, ఒక గొట్టం రక్తమిస్తే కత్తిరింపు తప్పుతోందో లేదో తేలుతుందని చెప్పింది.

"ఇస్తానమ్మా. ముందు మందు మార్చండి."

"మందులు వేరే విభాగం, బాబాయ్. మాది కత్తిరింపుల విభాగం."

"అయితే ఆ విభాగాన్నే రమ్మను."

మడిచిన చొక్కా చేయి దించి గుండీ పెట్టుకున్నాను.

ఎండ ముదిరింది. డ్రైవర్ వచ్చాడు. "మేడమ్, శాంపిల్ పెట్టెలో ఐసు కరిగిపోతోంది. ఈ ఊళ్లో దొరకదు."

అప్పుడు మారింది ఆవిడ ముఖం. ఎనిఫా చావు గురించి చెప్పినప్పుడు అంత మారలేదు. ఫోను తీసింది.

"మందు అర్జెంటండీ... కాదు, మనిషికి కాదు. శాంపిల్ పాడైపోతుంది!"

విత్తనాలప్పటి నుంచి రాని మందు పొద్దు వాలకముందే మోటార్‌సైకిల్ మీద వచ్చింది. సీసా మూత తీసి చూశాను. మాత్రల రంగు వేరు. అప్పుడు చేయి చాపాను.

రక్తం గొట్టాన్ని ఐసులో పడుకోబెట్టి, పైన మెత్తటి గుడ్డ కప్పి, పెట్టెను వెనక సీట్లో ఎక్కించారు. కిందటేడు ఎనిఫాను పట్నం ఆసుపత్రిలో దింపమని ఈ కారువాళ్లనే బతిమాలితే, ఆ సీటు పెట్టెదన్నారు.

"దారిలో ఏమీ కాకుండా చూసుకుంటాం, బాబాయ్," అంది డాక్టరు.

"చూసుకో తల్లీ. దాని పుణ్యమానే నాకు మందొచ్చింది."