నిద్రగన్నేరు ఉన్నంతకాలం

మా ఇంటి ముందున్న నిద్రగన్నేరు ఎప్పుడు చస్తుందా అని నేను ఏళ్ళ తరబడి ఎదురుచూశాను. వినడానికి బాగుండదు, నాకూ తెలుసు. కానీ దాని పెద్దకొమ్మ సరిగ్గా మీ మంచం ఉన్న చోటికి పైన వాలి ఉండి, గాలి వీచినప్పుడల్లా కప్పు మీద ఎవరో బీరువా ఈడ్చినట్టు చప్పుడవుతుంటే మీరైనా అదే కోరుకుంటారు.

మా మామగారు స్థలం కొనేనాటికే అది పెద్ద చెట్టట. కొట్టడానికి మనసొప్పక, ఇంటినే వెనక్కి జరిపి కట్టారు. అందుకే మావి అగ్గిపెట్టెల్లాంటి గదులు. వంటింట్లో పట్టపగలు లైటు వేసుకోవాలి. చెట్టుకి మాత్రం రాజభోగం. మా ఆయన లెక్కల మాస్టారు. రిటైరయ్యాక పాఠం చెప్పడానికి ఎవరూ దొరక్క చెట్టుని పట్టుకున్నారు. మొదలు దగ్గర బోలెడు మట్టి పోసి ఎత్తు చేసి, దాని చుట్టూ సిమెంటు చప్టా కట్టారు. మేకు పాతి, తాడు తిప్పి గీసిన వృత్తం అది, వంక పెట్టడానికి లేదు. పొద్దున్నే దాని మీద కూర్చుని పేపరు చదివితే తప్ప ఆయనకి తెల్లారదు.

నాది ఊరి మధ్యలో రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. పోవడానికి రెండు బస్సులు, రావడానికి రెండు బస్సులు. ల్యాబు వెనక వీధిలోనే, నాతో పనిచేసే ఆవిడ వాళ్ళ అక్కకి ఒక ఫ్లాటు ఖాళీగా ఉంది. ఒకసారి వెళ్ళి చూశాను. ఉత్త గదిలో నిలబడి తలెత్తితే కప్పు, ఆ కప్పు మీద ఇంకెవరిదో ఇల్లు. కొమ్మ లేదు. హాయిగా ఊపిరి తీసుకున్నాను. అప్పట్నుంచీ బస్సులో కూర్చున్నంతసేపూ మనసులో ఆ ఇంట్లో సామాను సర్దుకుంటూనే ఉన్నాను. బీరువా ఏ గోడకి, మంచం ఏ కిటికీ కింద, అన్నీ నిర్ణయమైపోయాయి.

"అక్కడికి పోదామండీ" అంటే మా ఆయనది ఒకటే మాట.

"చెట్టు ఉన్నంతకాలం నేను కదలను. అది పోయిందనుకో, నువ్వెక్కడికంటే అక్కడికి."

మాటిచ్చి తప్పే మనిషి కాదు. అదే నా ఆశ, నా ఖర్మా అదే.

ఈలోగా చెట్టు నాకు చాకిరీ కల్పించింది. దాని వేళ్ళు వంటింటి తూములోకి దూరి నీళ్ళు పోనివ్వకుండా చేశాయి. ప్లంబరు తవ్వి చూసి, "ఇవి కోస్తే మళ్ళీ వస్తాయమ్మా, నావల్ల కాదు" అని దండం పెట్టి పోయాడు. దాంతో కూరగాయలు కడిగిన నీళ్ళూ, పప్పు కడిగిన నీళ్ళూ బకెట్లో పట్టి బయట పారబోసుకోవడం నా రాత అయింది. కొమ్మ కింద నిలబడాలంటే నాకు గుండె దడ. అందుకని ప్రహరీగోడకి అతుక్కుని నడిచి, గేటు పక్కన, సరిగ్గా కొమ్మల నీడ అయిపోయే చోట గుమ్మరించి పరుగున వచ్చేసేదాన్ని. రాలిన ఆకులూ అంతే. చెత్తబండి అతను ఆకులు ఎక్కించుకోడు. ఊడ్చి ఊడ్చి వాటినీ అక్కడికే తోసేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆకు కూడా కదలని ఎండలో, గాలీ వానా లేకుండానే ఓ కొమ్మ ఫెళ్ళున ఊడి, డాబా మీది నీళ్ళ ట్యాంకు మీద పడింది. ట్యాంకు రెండు ముక్కలు. నీళ్ళన్నీ మెట్ల మీదుగా హాల్లోకి వచ్చేశాయి.

"ఇవాళ ట్యాంకు. రేపు నేను" అన్నాను చీపురు పట్టుకుని.

ఆయన కొమ్మ ఊడిన చోటుకేసి చూసి, "చెట్ల డాక్టరమ్మని పిలుద్దాం. ఆవిడ కొట్టెయ్యమంటే కొట్టేద్దాం" అన్నారు.

నేను అదే రోజు ల్యాబులో ఆవిడకి ఫోన్ చేసి, నెలాఖరుదాకా ఫ్లాటు ఎవరికీ ఇవ్వొద్దని వాళ్ళక్కకి చెప్పమన్నాను.

చెట్ల డాక్టరమ్మ ఒకప్పుడు తోటల శాఖలో పెద్ద ఆఫీసరు. భారీ మనిషి, నెత్తిన హెల్మెట్టు, మైకు అక్కర్లేని గొంతు. చెక్కసుత్తి పెట్టి మాను చుట్టూ కొట్టుకుంటూ వచ్చింది. ఒకచోట చప్పుడు మారింది.

"ఇక్కడ డొల్ల" అంది.

నా ప్రాణం లేచివచ్చింది. మనసులో ఫ్లాటు కిటికీలకి తెరలు కట్టేశాను.

తర్వాత గునపం తెప్పించి చప్టా ఓ మూల పగలగొట్టించింది. మట్టి తవ్వేకొద్దీ ఆవిడ గొంతు పెరిగింది.

"ఏం మాస్టారూ, చెట్టుని పీకలదాకా పాతేశారేం? మిమ్మల్ని ఇలాగే నిలబెట్టి మట్టి కప్పి, మీద సిమెంటు పోస్తే ఎన్నాళ్ళుంటారు?"

"ప్రేమతోనే మేడం..." అన్నారు మా ఆయన, క్లాసులో దొరికిపోయిన కుర్రాడిలా.

"ప్రేమ సరేనండీ, ఊపిరాడొద్దూ?"

ఆ మాట నేను ఎన్నిసార్లు అనబోయి మింగానో! మొదలు దగ్గర బెరడు నల్లగా, తడిగా, వేలు పెడితే ఊడి వస్తోంది. "దీన్ని చూసి చెప్పమంటే ఇది ఎప్పుడో పోవాలి" అంది ఆవిడ. నేను కళ్ళు మూసుకుని దేవుడికి దండం పెట్టుకున్నాను. కళ్ళు తెరిచేసరికి ఆవిడ పైకి చూస్తోంది.

"మరి చిగుళ్ళు ఇలా నవనవలాడుతున్నాయేం? ఎక్కడ తింటోందిది?"

కొమ్మల నీడ వెంబడి నడుచుకుంటూ గేటుదాకా పోయింది. నేను ఆకులు తోసిన చోట వంగి చేత్తో పెళ్ళగించింది. కింద మట్టి నల్లగా, మెత్తగా ఉంది. వానపాములు. వాటి మధ్య దారాల్లాంటి లేతవేళ్ళు, గుప్పెడు పడితే గుప్పెడు.

"ఎవరు పోస్తున్నారిక్కడ నీళ్ళు?"

మా ఆయన నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను.

"మీరేనా అమ్మా? అందరూ మొదలు దగ్గర పోసి చంపుతారు. చెట్టుకి నోరు మొదట్లో ఉండదు, ఇదిగో ఇక్కడ, అంచున ఉంటుంది. సొంత బిడ్డని సాకినట్టు సాకారు తల్లీ!"

దొంగకి దండ వేసినట్టయింది నాకు. ఆవిడ తీర్పు చెప్పేసింది. డొల్లతో భయం లేదు, చప్టా తీసెయ్యాలి, పెద్దకొమ్మ బరువు తగ్గించి ఇనుప తీగతో మానుకి కట్టాలి, అంతే. "మీ ఇద్దరి తర్వాత కూడా ఉంటుంది. నీళ్ళు మాత్రం మానొద్దు. అలవాటు పడిపోయింది. ఒక్క వేసవి మానేశారా, ఇంక నన్ను పిలవక్కర్లేదు."

ఆవిడ వెళ్ళాక మా ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "నీకిదంటే పడదనుకున్నానోయ్" అన్నారు. నాకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది. ఆయన ప్రేమ దాన్ని చంపుతుంటే నా భయం బతికించింది! నేనూ ఆయనలాగే దాన్ని ప్రేమించివుంటే అది చచ్చి, నేనీపాటికి కొత్తింట్లో ఉండేదాన్ని.

మర్నాడు ఆదివారం. బకెట్టు తీసుకుని గేటు దాటి వెళ్ళి వీధి కాలవలో పోశాను. ఒక్క వేసవే కదా. వెనక్కి తిరిగేసరికి ఆయన అక్కడే నిలబడి ఉన్నారు.

"అటు పోస్తున్నావేం?"

ఇంక ఆగలేదు నా నోరు. "ప్రేమా లేదు, దోమా లేదు! కొమ్మ నెత్తిన పడుతుందని భయపడి దూరంగా పోశాను. అది చస్తే మీరు కదుల్తారని రోజూ చూశాను. నాకీ ఇంట్లో ఊపిరాడదండీ. చెట్టు బతకనీ, చావనీ, నాకు వెళ్ళిపోవాలని ఉంది!"

కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. పగిలిన చప్టా అంచున కూర్చుని, "నువ్వెళ్ళు" అన్నారు. "ఆ ఫ్లాటు తీసుకో. ఆదివారాలు నేనొస్తాను. దీన్ని నేను చూసుకుంటాలే."

అంతే. ఒక్కదాన్నే వెళ్తానని ఇన్నేళ్ళూ నేను అడగలేకపోయిన మాట, ఆయన అంత తేలిగ్గా అనేశారు.

ఆయన లేచి, నా చేతిలో బకెట్టు తీసుకుని, పంపు తిప్పి నింపుకున్నారు. గంభీరంగా నడుచుకుంటూ వెళ్ళి, తవ్విపెట్టిన గోతిలో, ఆ కుళ్ళిన బెరడు మీద గుమ్మరించబోయారు.

"అక్కడ కాదండీ!"

ఆగారు. రెండడుగులు పక్కకి జరిగారు. "ఇక్కడా?"

"కాదు, ఇంకా అవతలికి."

ఇంకో అడుగు వేశారు. చెట్టుకి దూరంగా పొయ్యడమంటే ఆయనకి చెయ్యి రావడంలేదు. మళ్ళీ మొదలువైపే తిరిగి, "నువ్వు లేనప్పుడు ఎవర్నడగాలోయ్?" అన్నారు. దెప్పిపొడుపు కాదు, నిజంగానే అడిగారు.

నేను పెద్దకొమ్మ కిందనుంచే గబగబా నడిచి వెళ్ళి, ఆయన చేతిలో బకెట్టు లాక్కున్నాను. గేటు దగ్గరికి మోసుకెళ్ళి, నెమ్మదిగా, మట్టి తాగేంత తీరికగా పోశాను. నీళ్ళు ఇంకుతుంటే నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం ల్యాబులో ఆవిడకి ఫోన్ చేసి, ఫ్లాటు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని చెప్పాను.

"అయ్యో, ఏమైందే?" అంది.

"చెట్టు బతికిందే" అన్నాను.