వేళ్ళకూ ముఖానికీ మధ్య

నేను ఒక కెమెరా లెన్సును. జూమ్ లేనిదాన్ని. దగ్గరగా చూడాలంటే నన్ను పట్టుకున్న మనిషే నడిచి వెళ్ళాలి. ఈ ఒక్క కారణానికే నా మొదటి యజమాని, విజయవాడలో పెళ్ళి ఫోటోలు తీసే పెద్దమనిషి, నన్ను వదిలించుకున్నాడు. తాళి కట్టే సమయానికి బంధువులను తోసుకుంటూ ముందుకు వెళ్ళడం ఆయన వల్ల కాలేదు. నేను పుట్టింది ఏదో విదేశపు ఫ్యాక్టరీలో. గాజును అరగదీసి, పూత పూసి, చీకట్లో కూడా చూడగలిగే పెద్ద కన్ను నాకు పెట్టారు. ఆ కన్ను విలువ నాకు తెనాలి వచ్చాకే తెలిసింది.

తెనాలిలో నన్ను కొన్నది బాజీబాబు. పగలు తన స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తీసేవాడు, సాయంత్రమైతే పద్యనాటకాలకు పరుగెత్తేవాడు. అక్కడ ఫ్లాష్ కొట్టనివ్వరు. రాగం తీస్తున్న నటుడి కళ్ళలో వెలుగు పడితే పద్యం తెగిపోతుందని నాటకాలు వేయించే పరిషత్తు వారి భయం. కాబట్టి నేనే దిక్కు. నా కన్ను పూర్తిగా తెరిస్తే ఆ మసక వెలుగు సరిపోయేది. కాకపోతే అలా తెరిచినప్పుడు బెత్తెడు లోతు మాత్రమే నాకు స్పష్టంగా కనిపిస్తుంది. దానికి ముందూ వెనకా అంతా మంచు పట్టినట్టు ఉంటుంది. ఏది కావాలో తీసేవాడే ఎంచుకోవాలి.

స్టేజీ మీద దీపాలన్నీ నటులకే. హార్మోనిస్టు కోటిలింగం గారు మాత్రం పక్కన, వెలుగు అంచు దాటిన చోట కూర్చునేవారు. దేవుడైనా రాజైనా ఆయన శ్రుతి ఇస్తేనే నోరు తెరవాలి. ఇన్నేళ్ళ నాటకాల ఫోటోల్లో ఆయన కనిపించిందల్లా ఎవరో రాజుగారి పక్కన సగం మోచెయ్యిగానే. ఒకనాడు విరామంలో టీ తాగుతూ ఆయన బాజీబాబును అడిగారు.

"ఒరే అబ్బాయ్, వాయిస్తా ఉండగా నాదొకటి తియ్యరా. మా ఇంట్లో గోడ మీద రాజులందరూ ఉన్నారు, నేనే లేను."

"మీది తియ్యకపోతే ఇంకెవరిది తీస్తాను మాస్టారూ" అన్నాడు బాజీబాబు. మాట ఇచ్చేటప్పుడు మనుషుల కళ్ళు నా కన్నుకన్నా పెద్దవవుతాయి.

ఆ సాయంత్రమే తీశాడు. అయితే నటుడి మీద పడిన వెలుగు కొంచెం పక్కకు జారి, హార్మోనియం మెట్ల మీద ఆగింది. వేళ్ళు వెలుగులో ఉన్నాయి, ముఖం చీకట్లో ఉంది. ఏది స్పష్టంగా కనిపించాలో తిప్పి ఎంచుకునే నా రింగు వేళ్ళ దగ్గరే నిలిచింది. నిజం చెప్పాలంటే అంత అందమైన వేళ్ళను నేనెప్పుడూ చూడలేదు. మర్నాడూ వేళ్ళే తీశాడు. వాటిలో ఒకటి విజయవాడ పోటీలో బహుమతి తెచ్చింది. ఆ ఫోటోకు ఫ్రేము కట్టించి మాస్టారి చేతిలో పెట్టాడు. ఆయన కండువాతో అద్దం తుడిచి చాలాసేపు చూశారు.

"చేతులు బాగున్నాయిరా. ఎవరివని అడిగితే మా ఆవిడ మాణిక్యానికి నేనే సాక్ష్యం చెప్పుకోవాలి."

పక్కనున్న నటులు నవ్వారు. బాజీబాబు కూడా నవ్వి, ఈసారి ముఖం తీస్తానన్నాడు. అందుకు పెద్ద విద్యేమీ అక్కర్లేదు, నా రింగును కాస్త తిప్పితే చాలు. కానీ బహుమతి వచ్చాక అందరూ వేళ్ళే అడిగారు. ఊరూరా కచేరీలకు పిలిచారు. తబలా మీద వేళ్ళు, ఫిడేలు మీద వేళ్ళు. మాస్టారు ఎక్కడికి పోతారులే అనుకున్నాడు.

మాస్టారు ఎక్కడికీ పోలేదు. పక్షవాతమే ఆయన దగ్గరికి వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది.

కబురు తెలిసి బాజీబాబు నన్ను సంచిలో వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. మాస్టారి భార్య మాణిక్యం గారు హార్మోనియాన్ని ఆయన ముందుకు జరిపారు. కిటికీలోంచి ఎండ నిండుగా పడుతోంది. అంత వెలుగులో నా కన్ను చాలావరకు మూసినా సరిపోతుంది, అప్పుడు వేళ్ళూ ముఖమూ రెండూ స్పష్టంగా వస్తాయి. మాస్టారు ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి మెట్ల మీద పెట్టుకున్నారు. అది జారిపోయింది. మళ్ళీ పెట్టుకోలేదు.

"ముఖం వరకే తియ్యరా" అన్నారు. మాట ముద్దగా వచ్చింది.

బాజీబాబు తీశాడు. వారం తిరక్కుండా ఫ్రేము కట్టించి, నన్ను మెడలో వేసుకునే పట్టుకొచ్చి, తనే మేకు కొట్టి గోడకు తగిలించాడు. మాణిక్యం గారు లోపలికి వెళ్ళి బహుమతి ఫోటో పట్టుకొచ్చారు.

"దీని కింద చేతులు పెట్టు అబ్బాయ్. రెండూ కలిపితే ఆయనే."

పెట్టాడు. ఆవిడ వెనక్కి జరిగి చూశారు.

"ఇంకాస్త పైకి రాదా?"

అతను జరిపాడు. ఫ్రేముల చెక్కలు రెండూ తగిలాయి. ఇక జరగలేదు.

ఇప్పుడు నా గాజులో బూజు పట్టింది. స్టూడియోలో అద్దాల బీరువా మూల ఉంటున్నాను. బాజీబాబు కొత్త లెన్సు కొనుక్కున్నాడు, దాంతో ముందు ముఖాలు తీస్తున్నాడు. నాకు ఏదీ స్పష్టంగా కనిపించడం లేదు. ఆ రెండు చెక్కల మందం మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంది.