హారతి కూత

ఆ నెల హారతికి మూడు ఆబ్సెంట్లు పడ్డాయి. మూడు రోజులూ ఆమె ఎనిమిదో తరగతి మూడో బెంచీలోనే కూర్చుని ఉంది. “ప్రెజెంట్ సార్” అన్న మాట ఆమెకు తప్ప ఎవరికీ వినపడలేదు. “మూగమ్మా, చెయ్యన్నా ఊపవే!” అని వెనక బెంచీ రమ్యశ్రీ నవ్వించేది. బడి వేళయ్యేసరికి హారతికి కడుపునొప్పి.

“ఇంక బడికి వెళ్లనమ్మా” అంది ఒకరోజు.

తల్లి నాగదుర్గ చేపల బుట్ట ఎత్తుకుంటూ, “దసరా దాకా చూడు. అప్పటికీ నీవల్ల కాదంటే మానేద్దువుగాని” అంది.

కొత్తగా వచ్చిన పీఈటీ అప్పాజీ మాస్టారు పొద్దున్నే పిల్లల్ని గ్రౌండు చుట్టూ పరిగెత్తించి, కబడ్డీ ఆడించేవారు. మొదటి రైడులోనే హారతి ఇద్దర్ని తాకి, చేపపిల్లలా జారి వచ్చేసింది. మాస్టారు విజిల్ ఊదారు.

“అవుట్!”

“గీత దాటి వచ్చేశాను కదండీ?”

“మరి కూతేదమ్మా?”

హారతి తెల్లబోయింది. ధవళేశ్వరం రేవులో, నాన్న పడవలో పెరిగిన పిల్ల. వల నీళ్లలో ఉండగా నోరెత్తితే చేపలు చెదిరిపోతాయని నాన్న కన్నెర్రజేసేవాడు. వేట అంటే పెదవులు వాటంతటవే బిగుసుకునేవి.

ఆ సంగతి విని మాస్టారు నవ్వలేదు. “ఇక్కడ మాత్రం అరిచి మరీ పట్టాలమ్మా” అన్నారు.

రెండు నెలలు పరుగు, కూత, మళ్లీ పరుగు. మోకాళ్లు చెక్కుకుపోయాయి. పడ్డచోటే లేవడం అలవాటైంది. కడుపునొప్పి ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు కానీ, చద్దన్నం మారు అడుగుతోందని నాగదుర్గ కనిపెట్టింది.

దసరా ముందు మండపేట జట్టుతో పోటీ. ఒక్క పాయింటు వెనకబడ్డారు. ఆఖరి రైడు హారతిది. ఇద్దర్ని తాకింది. వెనుదిరిగేలోగా మడమ దొరికిపోయింది. బోర్లా పడింది. అయినా కూత ఆగలేదు. “కబడ్డీ, కబడ్డీ...” మట్టిలో పాకుతూ వేలికొస గీతకు ఆనించింది.

“ఒసేయ్, ఇంత గొంతు ఎక్కడ దాచావే!” అంటూ రమ్యశ్రీయే ముందు పరిగెత్తుకొచ్చి ఎత్తుకుంది.

మర్నాడు హాజరు పిలిచారు.

“ప్రెజెంట్ సార్!”

పక్క తరగతిలో పాఠం ఆగిపోయింది. సారు కలం దించి, “వినపడిందమ్మా, గోదారి అవతలికి కూడా” అన్నారు. క్లాసంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా హారతే నవ్వింది.

ఆ సాయంత్రం నాగదుర్గ గుర్తుచేసింది. “దసరా వచ్చేసిందే. మరి మానేస్తావా?”

“మానడమేంటమ్మా? ఈ సెలవులెందుకిచ్చారా అని నేను ఏడుస్తుంటేనూ!”